మేడగదిలో కలకత్తా ట్రాము: అనంతపురంలో ఏడాదికి పైగా నాకు జరిగింది

మన వైపు ఎవరికైనా ట్రాము మోడల్ లేఅవుట్ కట్టాలని ఉంటే వాళ్ళకోసం ఇది రాస్తున్నా. 2024 అక్టోబరులో మొదలుపెట్టాను, ఈ నవంబరుకు (2025) ఒక దారికి వచ్చింది. ముందే ఒక మాట చెప్పేస్తాను. చెక్క, పట్టాలు, రోడ్డు, స్తంభాలు ఇవన్నీ కట్టడం వేరు, కట్టిన దాని మీద ట్రాము ట్రాములా నడవడం వేరు. బొమ్మ కారులా రయ్యిన పోవడం మొదటి రోజే వస్తుంది. నెమ్మదిగా, ఆగకుండా, కుదుపు లేకుండా పాకడం రావడానికి మాత్రం నాకు మళ్ళీ నాలుగు నెలలు పట్టింది. యూట్యూబులో ఈ రెండో సగం ఎవరూ చూపించరు.

బ్యాంకు ఉద్యోగంలో కలకత్తా ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు రోజూ శ్యామ్‌బజార్ నుంచి కాలేజ్ స్ట్రీట్ మీదుగా ఎస్‌ప్లనేడ్ దాకా ట్రాములోనే పోయేవాడిని. ముందు పెట్టె ఫస్ట్ క్లాసు, పైన ఫ్యాన్లు. వెనక పెట్టె సెకండ్ క్లాసు, ఫ్యాను లేదు, టికెట్ కొంచెం తక్కువ. నేను వెనక పెట్టెలోనే ఎక్కేవాడిని, ఎందుకంటే అక్కడ కిటికీ సీటు దొరికేది. 2024 సెప్టెంబరులో వార్త వచ్చింది, మైదానం–ఎస్‌ప్లనేడ్ మధ్య ఆ కాస్త దూరం తప్ప మిగతా ట్రాములు ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం చెప్పిందని. 1873లో గుర్రాలతో మొదలై, 1902 నుంచి కరెంటుతో నడుస్తున్నది. 150 ఏళ్ళ పండుగ చేసుకుని రెండేళ్ళు కూడా కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే ఇంట్లో వాళ్ళు నమ్మలేదు, కానీ నిజం. మరుసటి వారమే నిర్ణయించుకున్నా, సాయినగర్‌లో మా మేడ మీది గదిలో ఆ ట్రామును నడపాలని.

కొలతల విషయంలో ఒక అదృష్టం ఉంది. మోడల్ రైళ్ళలో ఎక్కువ మంది వాడే హెచ్‌ఓ స్కేలు అంటే అసలు దానిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన రైల్వే బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19 పైన వస్తుంది, అందుకే మన రైళ్ళు చేసేవాళ్ళు అందరూ ఇరుకు పట్టాల మీదే సర్దుకుంటారు. కలకత్తా ట్రాము పట్టాల మధ్య దూరం 1435 మి.మీ., 87తో భాగిస్తే సరిగ్గా 16.5. బయట దొరికే పట్టాలు, చక్రాలు నేరుగా సరిపోతాయి, ఏ సర్దుబాటూ లేదు. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం చాలా రోజులు ఉండింది.

దసరా అయిపోయాక కార్పెంటర్‌ని పిలిపించాను. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 12 ఎంఎం ప్లైవుడ్, కింద టేకు ముక్కలతో ఫ్రేము, కాళ్ళు విప్పి తీసుకునేట్టు. రెండు రోజుల పని అన్నాడు, పెళ్ళిళ్ళ సీజన్ మంచాలు, బీరువాల మధ్య మూడు వారాలు పట్టింది. కూలీతో కలిపి 4,800 అయింది. "ఇది మంచమా, బల్లనా, ఏందప్పా ఇది?" అని అతను అడిగితే విడమరిచి చెప్పాను. విన్న తర్వాత అతనే ఒక పని చేశాడు, నేను అడగలేదు. ప్లై అడుగుభాగానికి, అంచులకు కూడా వుడ్ ప్రైమర్ పూయించాడు. "ఎండాకాలం ఎండుతుంది, వానాకాలం ఉబ్బుతుంది, నాలుగు పక్కలా పూయకపోతే వంగుతుంది సార్" అన్నాడు. మేడ మీద గది, పైన స్లాబు, మేలో లోపల గాలి కూడా కాలుతుంది. ఈ ఏడాది ఎండాకాలం దాటి కూడా ఆ బల్ల వంకర పోలేదంటే ఆ ప్రైమర్ పుణ్యమే.

అసలు ఎదురుచూపు మోటారు చాసిస్ (మోటారు, చక్రాలు ఉండే అడుగు భాగం) కోసం. కలకత్తా ట్రాము బొమ్మను ఏ పెద్ద కంపెనీ ఇంజన్‌తో అమ్మడం నేను చూడలేదు, కాబట్టి వేరే ట్రాము చాసిస్ తెచ్చుకుని మీద పెట్టె మనమే కట్టుకోవాలి. బయటి దేశం నుంచి ఆర్డరు పెడదామని చూస్తే, బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పైన పోస్టేజీ. బండి ధర కంటే దారి ఖర్చే భయపెట్టింది. అందుకని అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు సంక్రాంతికి వస్తున్నాడంటే వాడికి చెప్పాను. వాడు సెకండ్‌హ్యాండ్‌లో బాక్‌మన్ అనే మోడల్ కంపెనీ వాళ్ళ పీసీసీ ట్రాము (అమెరికా వీధుల్లో తిరిగిన పాత రకం) ఒకటి, వెనక పెట్టె కోసం మోటారు లేని బోగీ చక్రాలు కొన్ని పట్టుకొచ్చాడు. అన్నీ కలిపి 8,500 పడింది. అక్టోబరు నుంచి జనవరి దాకా ఆగాను. ఆ నెలల్లో ఊరికే ఉండకుండా పెట్టె పని చేసుకున్నా.

పెట్టె గురించి కొంచెం. సప్తగిరి సర్కిల్ వైపు ఫ్లెక్సీ బ్యానర్లు చేసే అంగళ్ళలో సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ షీటు) ముక్కలు మిగిలిపోతాయి, అడిగితే ఊరికే ఇస్తారు. రోడ్డుకు అది బంగారం. ట్రాము పెట్టెకు మాత్రం మందం ఎక్కువ, దానికి పల్చని ప్లాస్టిక్ షీటు, మీద విజిటింగ్ కార్డుల పొరలు, కిటికీలకు అద్దంలా కనిపించే ఓహెచ్‌పీ ప్లాస్టిక్ షీటు. కిటికీ ఫ్రేములు రేడియం స్టిక్కర్ అంగట్లో కత్తిరించి ఇచ్చారు, బైకుల మీద పేర్లు కోసే ఆ మిషనే. గీత రెండు మి.మీ. కంటే సన్నమైతే స్టిక్కరు లేచిపోతుందని అక్కడి కుర్రాడు ముందే చెప్పాడు, అదే నిజమైంది. కాబట్టి ముందు అద్దం పైన బెంగాలీలో శ్యామ్‌బజార్ అని ఉండే చిన్న అక్షరాలను ఫోటో స్టూడియోలో గ్లాసీ పేపరు మీద ప్రింటు తీయించి అంటించాను. ఫోటోలు చూసి కొలతలు తీసుకోవడం చాలా ఓపిక పని. తలుపు పక్కన నిలబడ్డ మనిషి ఎత్తు సుమారు ఇంత అని పట్టుకుని మిగతావి లెక్క కట్టుకున్నాను.

ఇప్పుడు ఈ మొత్తం పనిలో నేను తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం. మామూలు మోడల్ రైలులో ఒక పట్టా ప్లస్, ఇంకో పట్టా మైనస్. ట్రాము చివరికి పోయి గుండ్రంగా తిరిగి అదే పట్టా మీదకు రావాలంటే ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాను తాకుతుంది, షార్ట్ అవుతుంది. దాన్ని తప్పించడానికి ఖాళీలు, రిలేలు (కరెంటుతో మారే స్విచ్‌లు), బోలెడు వైరింగ్. కలకత్తా ట్రాములకు ఒక వైపే డ్రైవర్ ఉంటాడు, టెర్మినస్‌లో గుండ్రంగా తిరగాల్సిందే, ఆ తిరుగుడు లేకపోతే అది కలకత్తా ట్రామే కాదు. అసలు ట్రాములో కరెంటు పైన తీగ నుంచి వచ్చి (అక్కడ 550 వోల్టుల డీసీ) రెండు పట్టాల ద్వారా వెనక్కి పోతుంది. నేనూ అట్లనే చేద్దామనుకున్నా, 12 వోల్టులతో. రెండు పట్టాలూ ఒకే మైనస్ అయిపోతాయి, తీగ ఒక్కటే ప్లస్. ఎన్ని చుట్లు తిప్పినా షార్ట్ అనే మాటే లేదు. తీగ కట్టడం కష్టం, అందుకే చాలామంది అలంకారానికి కట్టి కరెంటు పట్టాల్లోనే ఇస్తారు. నా మాట వినండి, తీగలోనే కరెంటు ఇవ్వండి. పైన పడే కష్టానికి రెండింతలు కింద తగ్గుతుంది.

చాసిస్‌లో దీనికోసం చేయాల్సిన మార్పు చిన్నదే. ఎడమ చక్రాల వైరు, కుడి చక్రాల వైరు రెండూ కలిపి మోటారు ఒక కాలుకు, రెండో కాలు నుంచి ఒక వైరు పైకి ట్రాలీ పోల్‌కు (ట్రాము పైన ఉండి తీగను తాకే కడ్డీ). ఒక సాయంత్రం పని.

ఫిబ్రవరిలో పట్టాలు. ట్రాము మలుపు చాలా ఇరుకు ఉంటుంది కదా, నాకు కావలసింది 9 అంగుళాల రేడియస్, అంటే అసలు రోడ్డు మీద 20 మీటర్లు. రెండడుగుల బల్లలో అంతకంటే పెద్దది పట్టదు కూడా. రెడీమేడ్ వంపు పట్టాల్లో అంత ఇరుకువి నాకు దొరకలేదు, ఫ్లెక్స్ పట్టాను (చేత్తో వంచుకునే పట్టా) అంత వంచితే ప్లాస్టిక్ స్లీపర్లు ఊడొస్తాయి, పట్టాల దూరం తగ్గిపోతుంది. కాబట్టి ఫ్లెక్స్ పట్టా తెప్పించి (914 మి.మీ. ముక్క ఒకటి 850, ఎనిమిది తీసుకున్నా) స్లీపర్ల నుంచి పట్టాలు లాగేసి, పీసీబీ బోర్డు ముక్కల మీద సోల్డర్ చేసుకున్నాను. రాగి పూత ఉండే ఆ ఎలక్ట్రానిక్స్ బోర్డు కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయాను, పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. మామూలుగా అయితే ప్రతి ముక్క మధ్యలో రాగిని గీకి రెండు పట్టాలను విడదీయాలి. మన రెండు పట్టాలూ ఒకటే కదా, ఆ పని మొత్తం మాయం. సోల్డర్ చేస్తూ ఉన్నంతసేపూ ఆ ఆనందం ఉండింది నాకు.

సుభాష్ రోడ్డులో దొరికే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొబైల్ రిపేరుకు సరిపోతుంది, పట్టాకు సరిపోదు. పట్టా వేడిని లాగేసుకుంటుంది, సోల్డరు ముద్దలా కూర్చుంటుంది, రెండు రోజులకు ఊడుతుంది. 60 వాట్లది తీసుకోండి. ఫ్లక్స్ (సోల్డరు అంటుకోవడానికి రాసే పేస్టు) వేసిన చోట పని అవగానే స్పిరిట్‌తో తుడవకపోతే వారంలో పచ్చగా చిలుము పడుతుంది. వంపుల్లో పట్టాల దూరం 16.5 కాకుండా 16.8 పెట్టాను, లేకపోతే చక్రాలు పట్టుకుంటాయి. పాయింట్ల (పట్టా రెండుగా చీలే చోటు) దగ్గర అయితే అసలు ట్రాముల్లో ఉన్నట్టే ఒక వైపు మాత్రమే కదిలే నాలుక, రెండో వైపు కదలని ముక్క. చాలా ఊళ్ళలో ట్రాములకు అదే పద్ధతి, మోడల్‌లోనూ తేలిక. లేఅవుట్ ఆకారం రెండు చివర్ల రెండు గుండ్రాలు, మధ్యలో పక్కపక్కనే పోయే రెండు దారులు, కాబట్టి డిపోలోకి పోయే ఒక్క పాయింటే ఉంది.

ఎండల సంగతి మరచిపోవద్దు. మా గదిలో జనవరి రాత్రికి, మే మధ్యాహ్నానికి 25 డిగ్రీల పైన తేడా. 914 మి.మీ. పట్టా అంత వేడికి దాదాపు 0.4 మి.మీ. సాగుతుంది. తిన్నని చోట్ల ప్రతి అతుకులో విజిటింగ్ కార్డు దూరేంత ఖాళీ వదిలి, వైరు ముక్కతో రెండు పట్టాలను కలిపాను. మేలో ఆ ఖాళీలు దాదాపు మూసుకుపోయాయి, డిసెంబరులో తెరుచుకుంటాయి. ఇదంతా మన ఊరి లెక్క, చల్లటి దేశాల వాళ్ళ సలహాల్లో ఇది ఉండదు.

ఏప్రిల్‌లో రోడ్డు పోశాను. పోశాను అంటే సన్‌బోర్డ్. పీసీబీ మందం 1.6, కోడ్ 100 పట్టా ఎత్తు 2.54, మొత్తం 4.14. 3 మి.మీ. సన్‌బోర్డ్ మీద 1 మి.మీ. అట్ట, మొత్తం 4. అంటే రోడ్డు పట్టా కంటే వెంట్రుకంత కింద ఉంటుంది, చక్రం రోడ్డుకు తగిలి లేవదు, గుడ్డతో తుడిచేటప్పుడు గుడ్డ పట్టా తలనే తుడుస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయమని చాలామంది చెప్తారు. ఆ పొడి మోటారులోకి పోతే తర్వాత చాలా బాధ, మన గాలి అసలే పొడి. పట్టా లోపలి వైపు చక్రం అంచు పోయే సందు 1.3 మి.మీ. దగ్గర పెట్టాను. చూడ్డానికి ఇంకా సన్నగా ఉంటే బాగుంటుంది, కానీ రోడ్డు సౌందర్యం కంటే చక్రం ముఖ్యం.

మేలో పని ఆపేశాను. ఆ గదిలో ఐరన్ పట్టుకుని కూర్చోవడం మనిషి వల్ల కాదు. ఉక్కపోతలో సోల్డరు చేయడం కంటే ఆగడమే మేలు.

జూన్‌లో తీగ. అందరూ చెప్పే ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ అనంతపురంలో లేదు. ఫ్యాన్ వైండింగ్ అంగట్లో 26 గేజ్ రాగి తీగ తూకానికి తెచ్చుకున్నా. మీద ఎనామిల్ పూత ఉంటుంది, ఎమ్రీ కాగితంతో పూర్తిగా గీకాలి. గీకాక తీగ మెత్తగా, అలలు అలలుగా ఉంటుంది. దాన్ని ఒక కొన కిటికీ ఊచకు కట్టి, ఇంకో కొన కట్టింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, నిదానంగా లాగితే ఒక చోట కొద్దిగా సాగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆపేయాలి. అప్పుడది గీత గీసినట్టు తిన్నగా, గట్టిగా అవుతుంది. ఈ ఒక్క పనిలో ఎంత తృప్తి ఉందో చెప్పలేను, మా అబ్బాయి కూడా నాకూ ఇవ్వు అని లాగాడు. స్తంభాలకు పాతూరులో సైకిల్ అంగడి నుంచి సైకిల్ పుల్లలు. స్టీలువి కాదు, జింకు పూతవి అడగండి, వాటికి సోల్డరు పడుతుంది. తీగ ఎత్తు 63 మి.మీ., అసలులో అయిదున్నర మీటర్ల దగ్గర. తీగ కొసల్లో బాల్‌పెన్ స్ప్రింగు ఒక్కొక్కటి కట్టాను, ఎండకు సాగినా బిగువు పోదు.

వంపుల్లో తీగ ఎక్కడ ఉండాలనేది నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. పట్టాల మధ్యకు సరిగ్గా పైన కడితే ట్రాలీ పోల్ జారి బయటపడుతుంది. పోల్ వెనక్కి వాలి ఉంటుంది కదా, దాని కొన మలుపులో లోపలి దారి పడుతుంది. 9 అంగుళాల వంపులో, 60 మి.మీ. పోల్‌కు, తీగ 7–8 మి.మీ. లోపలికి ఉండాలి. తీగ గుండ్రంగా ఉండదు, స్తంభం నుంచి స్తంభానికి తిన్నగానే పోతుంది, కాబట్టి ప్రతి 15 డిగ్రీలకు పక్క నుంచి ఒక లాగుడు తీగ కట్టాలి, అప్పుడే వంపు లాగా వస్తుంది.

ఇక జూలైలో ఆషాఢం గాలులు. అనంతపురంలో ఆ గాలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కిటికీలు మూసినా సందుల్లోంచి సన్నటి దుమ్ము వచ్చి పట్టాల సందుల్లో కూర్చుంది. రోజూ పొద్దున వేళ్ళతో తాకితే గరగర. పాత చీర కుట్టించి బల్ల మొత్తానికి ముసుగు వేశాను, మా ఆవిడ దానికి అంచుల్లో ఎలాస్టిక్ వేసి ఇచ్చింది. ట్రాము నడిపే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుపు, ఇది మొబైల్ రిపేరు అంగట్లో దొరుకుతుంది. ఈ నెలలోనే చాలా నిరాశ పడ్డాను, దాచుకోవడం ఎందుకు. ట్రాము ఒక అడుగు పోతుంది, ఆగుతుంది, వేలితో తోస్తే పోతుంది, మళ్ళీ ఆగుతుంది. అన్నీ బాగున్నట్టే ఉన్నాయి, కానీ నడవదు. రాత్రి పదకొండు దాకా కూర్చుని లైటు ఆర్పి దిగి వచ్చేవాడిని.

దారి చూపించింది పాతూరులో బంగారం పని చేసే ఆచారి. ఆయన దగ్గరకు నేను పోయింది సన్నటి ఇత్తడి గాడి ఒకటి చేయించడానికి, ట్రాలీ పోల్ కొనలో తీగను పట్టుకునేది. ఆయన పోల్‌ను వేలితో పైకి కిందికి ఆడించి చూసి, "ఇది తీగెను ఎంత బలంగా తోస్తోందో తెలుసునా నీకు?" అన్నాడు. తెలీదు స్వామీ అన్నాను. తన తూకం మిషన్ మీద ట్రామును బోర్లా పట్టుకుని పోల్ కొనను దాని పళ్ళేనికి ఆనించి చూశాడు. 14 గ్రాములు చూపించింది. అంత బలంతో పైకి తోస్తుంటే తీగ తిరిగి ట్రాము వెనక భాగాన్ని కిందికి నొక్కుతుంది, ముందు చక్రాలు తేలిక పడి పట్టాను సరిగా తాకడం లేదు, అదీ సంగతి. స్ప్రింగును కొంచెం కొంచెం సడలిస్తూ 6 గ్రాములకు తెచ్చాడు. నాలుగుకు తగ్గిస్తే తీగ మీద నిప్పురవ్వలు, ఎనిమిది దాటితే చక్రాలు ఎగురుతాయి. 6 దగ్గర హాయిగా పోయింది. డబ్బులు తీసుకోలేదు, "నడిస్తే ఒకసారి చూపించప్పా" అన్నాడు అంతే. ఆ రోజు ఇంటికి వచ్చి ట్రామును గుండ్రం మొత్తం చేయి పెట్టకుండా తిప్పినప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

బరువు ఇంకో విషయం. ప్లాస్టిక్, అట్టల పెట్టె మరీ తేలిక. టైర్ల అంగట్లో వీల్ బ్యాలెన్సింగ్‌కు వాడే 5 గ్రాముల అంటించే బరువులు ఉంటాయి, అవి తెచ్చి పెట్టె అడుగున సరిగ్గా బోగీల మీద అంటించాను. వెనక పెట్టెకు ఎక్కువ పెట్టకూడదు. బరువెక్కితే మలుపులో ముందు పెట్టెను లోపలికి లాగుతుంది, తక్కువైతే అదే పట్టా దిగుతుంది. ఈ మధ్యస్థం పట్టుకోవడానికి ఓపికే తప్ప లెక్క లేదు.

ఆగస్టు, సెప్టెంబరు కంట్రోలర్. మా పక్కింట్లో జేఎన్‌టీయూలో చదివే అబ్బాయి కూర్చుని సాయం చేశాడు. ఆర్డినో ఊనో (ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డు), ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ (మోటారుకు కరెంటు ఇచ్చే బోర్డు), రోడ్డు కింద రీడ్ స్విచ్‌లు (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసేవి), ట్రాము అడుగున చిన్న అయస్కాంతం. ట్రాము స్టాపుకు రాగానే మెల్లగా వేగం తగ్గి, పది సెకన్లు ఆగి, మెల్లగా కదలాలి. ఆ డ్రైవర్ బోర్డే రెండు వోల్టుల దాకా తినేస్తుంది, 12 వోల్టుల అడాప్టర్ పెడితే ట్రాముకు పది దగ్గరే అందుతుంది. 15 వోల్టుల అడాప్టర్ పెట్టుకోండి. తీగ మీద నిప్పురవ్వ వచ్చినప్పుడల్లా ఆర్డినో రీసెట్ అయ్యేది, మోటారు రెండు కాళ్ళ మధ్య 104 కెపాసిటర్ సోల్డర్ చేసి, ఆర్డినోకు వేరే అడాప్టర్ ఇచ్చాక అది పోయింది.

తర్వాత శబ్దం. ఆర్డినో మామూలుగా సెకనుకు 490 సార్లు కరెంటు ఆన్ ఆఫ్ చేస్తూ వేగం తగ్గిస్తుంది, మోటారు దోమలా గుయ్‌మంటుంది. గదిలో కూర్చోలేం. అబ్బాయి టైమర్ సెట్టింగు మార్చి 31 కిలోహెర్ట్జ్‌కు పెంచాడు, చెవికి అందనంత పైకి. శబ్దం పూర్తిగా పోయింది, కానీ ఇప్పుడు ట్రాము నిలబడిన చోటు నుంచి కదలదు, చాలా కరెంటు ఇస్తే గానీ లేవదు, లేచాక ఎగిరి దూకుతుంది. చివరికి కదిలే క్షణంలో మాత్రం ఒక చిన్న తోపు, సెకనులో అయిదో వంతు, తర్వాత వెంటనే తగ్గించి అక్కడి నుంచి నెమ్మదిగా పెంచడం. ఆ తోపు ఎంత ఉండాలనేది ట్రాము వేడెక్కాక ఒకలా, చల్లగా ఉన్నప్పుడు ఒకలా ఉంటుంది. మొదటి రెండు చుట్లు ఊరికే తిప్పి తర్వాత అసలు నడక చూడాలి.

నేను పెట్టుకున్న గురి ఇది. కలకత్తా వీధుల్లో గంటకు 20 కిలోమీటర్లు అనుకుంటే, 87వ వంతులో సెకనుకు 6.4 సెంటీమీటర్లు. అంటే ఒక మీటరు పోవడానికి పదహారు సెకన్లు. బల్ల మీద రెండు గుర్తులు పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని చూసుకోండి, కంటికి నెమ్మదిగా అనిపించేది నిజంగా చాలా వేగం అని తెలుస్తుంది. నాకు మొదట మీటరుకు అయిదారు సెకన్లు వచ్చేది. పదికి రావడం తేలికే. పది నుంచి పదహారుకు రావడానికే అక్టోబరు అంతా అయింది. ఆ వేగంలో పట్టా మీద ఒక చిన్న సోల్డరు చుక్క ఉన్నా ట్రాము తల ఊపుతుంది, తీగలో ఒక మడత ఉన్నా ఆగుతుంది. గోరుతో తడిమి, ఎమ్రీతో రుద్ది, మళ్ళీ తిప్పి చూసి, అట్ల మొత్తం ఆరు మీటర్ల దారినీ అంగుళం అంగుళం చూసుకున్నాను. పట్టా తల మీద 6బి పెన్సిల్‌తో తేలిగ్గా ఒక గీత గీసి గుడ్డతో తుడిస్తే కరెంటు బాగా అందుతుంది, ఇది చాలామంది చేసే పనే, నాకు పనిచేసింది. ఇప్పుడు ఒక చుట్టుకు, స్టాపులు కాకుండా, ఒకటిన్నర నిమిషం.

దీపావళికి వీధిలో వాళ్ళని పిలిచాను. ఆచారి కూడా వచ్చాడు. మా వీధిలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరు కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ట్రాము రెండు చుట్లు తిరిగాక, "నేను మద్రాసులో ఎక్కినా అబ్బీ, మా నాయన చేయి పట్టుకోని" అన్నారు. మద్రాసులో ట్రాములు ఆగిపోయింది 1953 ఏప్రిల్‌లో. ఆంధ్ర రాష్ట్రం అదే ఏడాది అక్టోబరులో వచ్చింది, అంటే అప్పటికి మన అనంతపురం కూడా మద్రాసు రాష్ట్రమే. డ్రైవరు కాలితో కొట్టే గంట గురించి అడిగారు, అది నీ దాంట్లో లేదే అన్నారు. నిజమే, లేదు. ఆయన వెళ్ళాక అదే ఆలోచించాను. చిన్న సోలనాయిడ్‌తో (కరెంటు ఇస్తే కడ్డీని కదిలించే తీగ చుట్ట) ఇత్తడి గిన్నె లాంటిది కొట్టించొచ్చు. ఆచారికి చెప్పాను, చేసి ఇస్తానన్నాడు, ఇంకా రాలేదు.

డిపో పాయింటు పైన తీగ రెండుగా చీలే చోటు ఇప్పటికీ నమ్మకంగా లేదు. పోల్ కొన ఒక్కోసారి తిన్న దారి తీగనే పట్టుకుని పోతుంది, ట్రాము మాత్రం పక్కకు తిరుగుతుంది, పోల్ ఊడుతుంది. కలకత్తాలో ఇలా అయితే కండక్టర్ దిగి వెనక తాడు లాగి మళ్ళీ తీగకు తగిలించేవాడు, నేను ట్వీజర్‌తో తగిలిస్తున్నా. తీగ చీలే చోట ఉన్న పళ్ళేన్ని కింది పట్టా పాయింటు కంటే కొంచెం ముందుకు జరిపితే సరవుతుందని అనుకుంటున్నా, ఈ నెల అదే పని.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. బల్ల 4,800, చాసిస్, చక్రాలు 8,500, పట్టాలు 6,800, పీసీబీ 700, ఆర్డినో సామాను, అడాప్టర్లు 2,100, ఐరన్, సోల్డరు, ఫ్లక్స్ 1,500, తీగ, పుల్లలు 900, పెట్టె, రంగులు, స్టిక్కర్లు 2,000, బెంగళూరు రాకపోకలు 1,200. మొత్తం 28,500. ఇందులో తగ్గించగలిగింది పట్టాలు, కొంత మిగిలింది. తగ్గించకూడనిది ఐరన్, అడాప్టర్. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టొద్దు, వోల్టులు ఎక్కువ ఉంటాయి, ఆంపియర్లూ ఎక్కువే, షార్ట్ అయితే తీగ ఎర్రగా కాలుతుంది. అడాప్టర్ తర్వాత ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టుకోండి, పది రూపాయలు.

వచ్చే సంక్రాంతికి అక్క కొడుకు రెండో చాసిస్ తెస్తానన్నాడు. రెండు ట్రాములు ఒకే దారిలో తిరగాలంటే తీగను ముక్కలుగా విడదీసి, ముందు ట్రాము స్టాపులో ఉన్నంతసేపు వెనక ముక్కకు కరెంటు ఆపాలి. పట్టాలను ముట్టుకోనక్కర్లేదు, తీగలో నాలుగు చోట్ల చిన్న ప్లాస్టిక్ అతుకులు, నాలుగు రిలేలు చాలు. ఎవరైనా ఇదివరకే తీగలో బ్లాకులు చేసి ఉంటే ఆ అతుకు మీద ట్రాలీ పోల్ తగిలి ఆగకుండా ఏం వాడారో చెప్పండి, నేను ప్రస్తుతానికి వైరు మీద నుంచి తీసిన ప్లాస్టిక్ తొడుగు ముక్కతో చూస్తున్నా.